సూది వెయ్యని డాక్టరమ్మ

అద్దంకి దగ్గరి ఆ పల్లెలో డాక్టరంటే సూది వేసే మనిషి. అంతకు మించి అర్థం లేదు. అందుకే ఉపదేశి జక్రయ్య కూతురు సంతోషకుమారి వాల్తేరులో పిహెచ్‌డి పూర్తిచేసి ఇంటికొచ్చిన ఆదివారం, పాస్టరుగారు ఆమె పేరుకు ముందు డాక్టర్ అని చేర్చి ప్రార్థన చేస్తే, సోమవారం పొద్దున్నే మోకాళ్ల నొప్పులవాళ్లు వాకిట్లో బారులు తీరారు. వాళ్ల ముందు చెవికి దూది పెట్టుకుని ఆదాం కూర్చున్నాడు.

"నేను చదివింది మనసుకి సంబంధించిన చదువు, మామా" అందామె.

"మనసుకేం, బాగానే ఉందిలే. చెవి సంగతి చూడు" అన్నాడు ఆదాం.

వాళ్లందరినీ మజ్జిగ ఇచ్చి పంపించాక తల్లి పుల్లమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగింది. "సూదెయ్యవు. బిళ్లియ్యవు. మరి నువ్వేం చేస్తావే?"

"పిల్లలతో కూర్చుంటానమ్మా. వాళ్లేం చెబుతున్నారో వింటాను."

"కూర్చోడానికి కూడా చదువు కావాలా? నేనింతకాలం ఊరికే కూర్చున్నానే."

సంతోషకుమారి నవ్వేసింది. తల్లి వేళాకోళానికి ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. మిరపకోతలకు పోయి కూతుర్ని చదివించిన మనిషి ఏమన్నా చెల్లుతుందనుకునేది. కానీ ఆ వేళాకోళంలో ఒక నిజం ఉందని ఆమెకు లోలోపల తెలుసు. ఆమె పరిశోధనంతా బడిపిల్లల తెలివితేటల మీద. వందలమంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఒకేసారి కాగితాలు పంచి, ఒకేసారి వెనక్కి తీసుకున్న పరిశోధన. పిల్లల సగటు ఎంతని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఒక్క పిల్లతో ఒక గదిలో ఒంటరిగా కూర్చోవడం మాత్రం ఆమె అంతవరకు ఎరగదు.

అది నేర్చుకోవడానికే ఎనభై అయిదులో గుంటూరు చేరింది. అక్కడి ఒక మిషన్ ఆసుపత్రిలో పసిపిల్లలకూ ఎదిగే పిల్లలకూ మానసిక చికిత్స చేసే విభాగం ఉంది. పిహెచ్‌డి అయినవాళ్లను తీసుకుని రెండేళ్లపాటు శిక్షణ ఇస్తారు. ఈ మాట చెప్పినప్పుడు జక్రయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకా చదువేనా తల్లీ? పెద్ద పరీక్ష అయిపోయిందిగా?"

"చదువు కాదు నాన్నా, పని నేర్చుకోవడం. ఒక పెద్దావిడ పక్కన ఉండి."

జక్రయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు బైబిలు ట్రైనింగు అయ్యాక కూడా పాస్టరుగారి సంచి మోస్తూ ఊళ్లు తిరగమన్నారు. వాక్యం నోటికొచ్చినోడు చావింటికెళ్లి ఏం మాట్లాడాలో తెలీక నిలబడిపోతాడని. అట్లాంటిదా?"

"అచ్చం అట్లాంటిదే."

"అయితే వెళ్లు" అన్నాడు.

ఆ పెద్దావిడ పేరు జోహరాబీ. పుట్టింది గుంటూరులోనే. బెంగుళూరులో శిక్షణ పొంది, అక్కడ ఉండమన్నా ఉండకుండా తిరిగొచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగంతో ఉండేది. శనివారం సాయంత్రాలు శిష్యురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ వారం చూసిన పిల్లల గురించి చెప్పించుకునేది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. "ఏం చూశావో ముందు చెప్పు. ఏమనుకున్నావో తరవాత." మొదట్లో ఈ రెంటినీ విడదీయడం సంతోషకుమారికి చాతనయ్యేది కాదు. ఏడాది తిరిగేసరికి చాతనవుతోందని నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం చాలావరకు న్యాయమైనదే. పక్క తడిపే పిల్లలు, బడంటే వణికే పిల్లలు, తల్లి చచ్చిపోయాక అన్నం మానేసిన ఏసోబు అనే కుర్రాడు, ఇలా ఎందరో ఆమె గదిలో తేరుకున్నారు. ఆమె నడకలో కూడా ఒక నిబ్బరం వచ్చింది.

రెండో ఏడాది, మిరపకాయల లారీలు ఆసుపత్రి ముందునుంచి పోతూ రోగుల్నీ నర్సుల్నీ ఒకేలా తుమ్మించే రోజుల్లో, పిచ్చయ్య అనే పెద్దరైతు తన మనవరాలిని తీసుకొచ్చాడు. వెంట పిల్ల తల్లి గురవమ్మ ఉంది. పిల్ల పేరు వెంకటరావమ్మ, అందరూ రావమ్మ అంటారు. నాలుగో తరగతి. నూనె రాసి బిగించిన రెండు జడలు, మోకాళ్ల మీద దుమ్ము.

"ఈ పిల్లకి మతి పోయిందండీ డాక్టరుగారూ" అన్నాడు పిచ్చయ్య. "బళ్లో ఏమడిగినా తెలీదంటుంది. హెడ్మాస్టరు ఇది మందబుద్ధి, మా వల్ల కాదు, తీసుకుపొమ్మన్నాడు. తమరు పరీక్షచేసి ఆ ముక్క కాగితం మీద రాసిచ్చారంటే మా దారిన మేం పోతాం." తలపాగా సర్దుకుని ఊసుపోకన్నట్టు అడిగాడు. "తమరిదే ఊరండి?"

సంతోషకుమారి పల్లె పేరు చెప్పింది.

"అరె, మా పక్కేగా. ఎవరి తాలూకండి?"

"ఉపదేశి జక్రయ్యగారి అమ్మాయినండి."

"జక్రయ్య కూతురివా" అన్నాడు పిచ్చయ్య. "మా కోతలకొచ్చేది మీ పల్లెవాళ్లేగా." అండీ, తమరూ ఆ మాటతోనే జారిపోయాయి. సంతోషకుమారి అది గమనించి, గమనించనట్టే పిల్లను లోపలికి తీసుకెళ్లింది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు.

పరీక్ష ఎంతోసేపు పట్టలేదు. మీ ఊరి పేరేమిటంటే తెలీదండి. ఆవుకు కాళ్లెన్నంటే తెలీదండి. వర్షమొస్తే ఏం చేస్తావంటే తెలీదండి. పెన్సిలిచ్చి బొమ్మ గియ్యమంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. రంగు చెక్కముక్కలు ముందుంచి గుంటలున్న పలకలో అమర్చమంటే వాటివైపు చూసింది గానీ ముట్టుకోలేదు. గొంతులో ఏడుపు లేదు, బెదురు లేదు. ఒకే స్వరంతో, అప్పజెప్పినట్టు, తెలీదండి.

లెక్క వేస్తే వచ్చిన అంకె చాలా కింద ఉంది. అంత కింద ఉన్న పిల్ల బడిలో నాలుగో తరగతి దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్న సంతోషకుమారికి రాకపోలేదు. పల్లెటూరి బళ్లలో పై తరగతికి తోసేస్తారులే అని తనే జవాబు చెప్పుకుంది. సర్టిఫికెట్టు చిత్తుప్రతి రాసుకుని శనివారం జోహరాబీ ముందు పెట్టింది.

జోహరాబీ అది చదివి బోర్లించింది. "ఏం చూశావు?"

"ఏ ప్రశ్నకీ జవాబు తెలియలేదండి."

"అది అనుకున్నది. చూసింది చెప్పు."

"అన్నిటికీ తెలీదండి అంది."

"నువ్వు ప్రశ్న పూర్తిచేశాక అందా, పూర్తికాకముందే అందా?"

సంతోషకుమారి కళ్లముందు ఆ గది మళ్లీ కనిపించింది. ఆవుకు కాళ్లు, అంటుండగానే వచ్చేసింది జవాబు. "ముందేనండి" అంది నెమ్మదిగా.

"నిజంగా తెలియని పిల్ల వెతుక్కుంటుంది. పైకి చూస్తుంది, నీ మొహం చూస్తుంది, ఏదో ఒకటి అని చూస్తుంది. ఈ పిల్ల వెతకలేదు. వెతకని పిల్లను పట్టుకుని దొరకలేదని రాశావు." జోహరాబీ లవంగం బుగ్గ మార్చింది. "ఈ కాగితం మీద నా సంతకం కూడా కావాలి కదా. దీని మీద పెట్టను. మళ్లీ పిలిపించు. ఈసారి ఏం చేస్తావో నీ ఇష్టం."

మందలింపు గట్టిదే. అయినా ఆ సాయంత్రం హాస్టలుకు నడిచిపోతూ సంతోషకుమారి కుంగిపోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది. వందలమందికి పంచిన కాగితాన్నే ఈ ఒక్క పిల్ల ముందూ పెట్టింది. ప్రశ్న అడగ్గానే తలుపు వేసుకునే పిల్లను ప్రశ్నలతో తెరవబోయింది. అయితే ప్రశ్నలే లేకుండా చూద్దాం అనుకుంది. ఆ ఆలోచన రాగానే ఆమెకు ఆకలేసింది కూడా.

మళ్లీ వచ్చినప్పుడు గదిలో బల్లా కుర్చీలూ లేవు. చాప మీద ఎండుమిరపకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. సంతోషకుమారి చాప మీద కూర్చుని, రావమ్మను పలకరించకుండా, కాయలు ఏరడం మొదలుపెట్టింది. తెల్లబారి ఘాటు చచ్చిన తాలు కాయల్ని నిగనిగలాడే ఎర్రటి కాయల్లో కలిపేస్తోంది. పుల్లమ్మ కూతురికి తాలంటే ఏమిటో తెలియక కాదు. తాలు కలిపిందని చిన్నప్పుడు వీపు మీద తిన్న దెబ్బ ఇంకా గుర్తే.

రావమ్మ గోడకానుకుని కాసేపు చూసింది. దగ్గరికి వచ్చింది. గొంతుకూర్చుంది. సంతోషకుమారి ఇంకో తాలు కాయను తీసి మంచివాటి మీద వేసింది.

రావమ్మ చేయి చటుక్కున ముందుకొచ్చి ఆ కాయను తీసి పక్కకు విసిరింది.

"ఇవన్నీ మొదటి కోత కాయలు" అంది సంతోషకుమారి తనలో తాను అనుకుంటున్నట్టు.

"కాదు. మొదటికోత కాయ పొడుగ్గా ఉంటది. ఇయ్యి ఆఖరి కోతయి" అంది రావమ్మ. "నువ్వంతా కలిపేశావు. ఇట్టా అమ్మబోతే యార్డులో మొహాన కొడతారు."

"ఆఖరి కోత కాయకే ధర ఎక్కువ."

"ఎవురు చెప్పారో నీకు. సేటు చేత్తో గలగల ఆడించి చూస్తాడు. గింజ చప్పుడును బట్టి ధర కడతాడు. మా నాయన నాకు చూపిచ్చాడు." ఆ పిల్ల రెండు చేతులా గుట్టను పంచుతోంది. మంచివి ఒకవైపు, తాలు ఒకవైపు, తొడిమ ఊడినవి వేరే. ఒక్కటీ పొరపాటు పడటం లేదు. మధ్యలో తుమ్మి, కళ్ల దగ్గరికి వేళ్లు పోకుండా మోచేత్తో ముక్కు తుడుచుకుంది. సంతోషకుమారికి గుండె నిండినట్టయింది. ఆ సంతోషంలో నోరు జారింది.

"నీకింకా ఏమేం వచ్చు?"

"తెలీదండి."

చేతులు తొడల కిందికి వెళ్లిపోయాయి. మొహం గోడలా అయిపోయింది. అప్పటిదాకా నువ్వు అన్న నోరు అండీకి వచ్చేసింది.

సంతోషకుమారి కాయల గుట్టను అలాగే వదిలి వసారాలోకి వచ్చింది. పిచ్చయ్య బెంచీ మీద చుట్ట వెలిగించకుండా పట్టుకుని ఉన్నాడు. పక్కన గురవమ్మ కొంగు తల మీదికి లాక్కుని నేల మీద కూర్చుంది.

"పిచ్చయ్యగారూ, ఆ పిల్లకి తెలీదండీ అనమని ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అదే దాని జబ్బు."

"జబ్బయితే తాలునీ మంచికాయనీ విడదియ్యగలదా? లోపలికొచ్చి చూడండి, ఎంత చక్కగా ఏరిందో."

పిచ్చయ్య లేచి తలుపు దగ్గర నిలబడి చాప వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన గొంతు తగ్గింది.

నిరుడు మిరప కల్లాల కాలంలో పక్కచేనువాళ్ల కల్లం మిట్టమధ్యాహ్నం తగలబడింది. ఆరబోసిన కాయంతా బూడిదైంది. వాళ్లు పిచ్చయ్య కొడుకు, రావమ్మ తండ్రి యలమందయ్య మీద కేసు పెట్టారు. ఆ వేళ తండ్రికి అన్నం క్యారియరు తీసుకుపోయిన రావమ్మ ఆ చుట్టుపక్కల కనిపించిందని ఎవరో చెబితే పోలీసులు పిల్ల పేరు కూడా సాక్షుల్లో రాసుకున్నారు.

"మావాడు చేశాడో లేదో నేనూ అడగలేదు" అన్నాడు పిచ్చయ్య. "అడిగితే వాడేదో ఒకటి చెబుతాడు, అది నేను మొయ్యాలి. పిల్లని మాత్రం కూర్చోబెట్టుకుని చెప్పాను. ఎవరేమడిగినా తెలీదండీ అను, ఎవరేమిచ్చినా ముట్టుకోమాక, కాగితం మీద చెయ్యి పెట్టమాక అని. నా తల మీద దాని చెయ్యి పెట్టించి ఒట్టేయించాను. ఒట్టు తప్పితే తాత తల పగిలి చస్తాడన్నాను."

సంతోషకుమారి పెరిగిన ఇంట్లో ఒట్టన్నది లేదు. అవునంటే అవును, కాదంటే కాదు, ఒట్టు పెట్టుకోవడం పాపమని జక్రయ్య చిన్నప్పుడే నేర్పాడు. బడిలో పిల్లలు నెత్తిమీద చేతులు పెట్టుకుని ఒట్టేసుకుంటుంటే ఆమె దూరంగా నిలబడి చూసేది. అందుకే ఈ దారిన ఆమె ఆలోచన పోలేదు. ఆ పిల్ల ఇన్నాళ్లుగా తాత తలను కాపాడుకొస్తోంది. టీచరు ఎక్కం అడిగినా, డాక్టరు ఆవు కాళ్లు అడిగినా, జవాబు చెబితే ఇంట్లో ఒక చావు. అటువంటి లెక్క చేసుకున్న పిల్లకు తెలివి తక్కువని తను రాయబోయింది.

"ఈ కాగితం ఎవరికి కావాలి?" అని అడిగింది.

"ప్లీడరు గుమాస్తా చెప్పాడు. పిల్ల మందబుద్ధని డాక్టరు రాసిస్తే సాక్ష్యానికి పనికిరాదంట." పిచ్చయ్య ఆమె వైపు సూటిగా చూశాడు. "రాసియ్యమ్మాయ్. కేసయ్యాక చించేద్దాం."

"కాగితం చించెయ్యొచ్చండి. ఊళ్లోవాళ్లు పిచ్చిది పిచ్చిది అని పిలవడం మొదలుపెడితే దాన్నెట్లా చించుతారు? నేను రాయను. మా పెద్దావిడా సంతకం పెట్టరు."

"పెద్ద చదువులు చదివినోళ్లతో ఇదే వచ్చింది" అన్నాడు పిచ్చయ్య. "మీ పల్లెలో కూర్చుని ఇదే మాట అనగలవా నువ్వు?"

"అంటానండి. మా నాన్న ముందు కూడా అంటాను."

అప్పటిదాకా నోరు మెదపని గురవమ్మ కొంగు చాటునుంచి అంది. "మామా, ఇంట్లో గూడా అట్టాగే అంటంది. రాత్రి అన్నం పెడతా, ఆకలేస్తందా అమ్మా అనడిగా. తెలీదండీ అంది. నన్ను, కన్నతల్లిని, అండీ అంది."

పిచ్చయ్య కోడలి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా."

చుట్టను ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. చివరికి బెంచీ మీద వదిలేసి లేచాడు. "ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు సంతోషకుమారితో.

"ఒట్టు వేయించిన మనిషే దాన్ని తియ్యాలి. పిల్ల నమ్మేట్టు."

"మరి ఆ రోజు సంగతి ఎవరన్నా అడిగితే?"

"కోర్టులో జడ్జిగారు అడిగితే సంగతి వేరు. అక్కడ అబద్ధం నేర్పితే మళ్లీ ఇక్కడికే తీసుకొస్తారు. దారిన పోయేవాళ్లు అడిగితే, చెప్పను అనమనండి. తెలిసిందాన్ని తెలీదనుకుంటూ పోతే, ఆకలి కూడా తెలియకుండా పోతుంది. చెప్పను అన్న పిల్లకి తనకేం తెలుసో తెలుస్తూనే ఉంటుంది."

పిచ్చయ్య లోపలికి వెళ్లి, ఆ పెద్ద మనిషి, పంచె ఎగదోపి మిరపకాయల పక్కన కూలబడ్డాడు. రావమ్మ కుడిచేయి తొడ కిందనుంచి తీయించి తన తల మీద పెట్టుకున్నాడు. పంచాయితీల్లో తీర్పులు చెప్పిన గొంతుతో, బడిపిల్లలు చెప్పుకునే మాట చెప్పాడు. "నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టా. ఇంక నువ్వు ఏదన్నా చెప్పొచ్చు. ఏదన్నా ముట్టుకోవచ్చు. నాకేం కాదు."

రావమ్మ నమ్మలేదు. కనుబొమలు ముడిచి తలపాగా వంక చూస్తూ కూర్చుంది.

"మన ఎడ్ల పేర్లేంటే?" అన్నాడు పిచ్చయ్య.

పిల్ల పెదవులు కదిలాయి. "రాముడు" అంది. ఆగి, తాత తల వంక చూసింది. "భీముడు." మళ్లీ చూసింది. ఏమీ కాలేదు. అయినా తృప్తి కలగలేదు కాబోలు, "తలగుడ్డ తియ్యి తాతా" అంది.

పిచ్చయ్య తలపాగా విప్పాడు. రావమ్మ లేచి నిలబడి, మిరపకాయలు ముట్టిన చేతుల్ని వెనక్కి కట్టుకుని, ఆ బట్టతల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి పరీక్షగా చూసింది. వెనక్కొచ్చి కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. తలుపు దగ్గర నిలబడిన గురవమ్మ కదలబోతే సంతోషకుమారి చెయ్యెత్తి ఆపింది. ఇది ఆపవలసిన ఏడుపు కాదు. ఏడుపయ్యాక రావమ్మ తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఆకలేస్తంది" అంది.

ఆసుపత్రి ఎదురుగా ఇడ్లీలు తెప్పించారు. తిన్నాక సంతోషకుమారి పరీక్ష మళ్లీ పెట్టింది. రావమ్మ కొన్ని చెప్పింది, కొన్ని తప్పు చెప్పింది, తెలియనివాటికి పైకి చూసి వెతుక్కుంది. చెక్కముక్కల్ని మాత్రం చకచకా అమర్చేసి ఇంకో పలక లేదా అని అడిగింది. అంకె ఈసారి వయసుకు తగ్గట్టుగానే, కాస్త పైనే వచ్చింది. జోహరాబీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. బాగుందనలేదు. చిత్తుప్రతి చింపి చెత్తబుట్టలో వేసి, కొత్త కాగితం సంతోషకుమారి ముందుంచింది. ఆవిడ దగ్గర అంతకన్న పెద్ద మెచ్చుకోలు ఉండదని శిష్యురాలికి తెలుసు.

"ఇంతదూరం వచ్చాం. ఏదో ఒక కాగితం ఇయ్యి" అన్నాడు పిచ్చయ్య. ఆమె హెడ్మాస్టరుకి రాసింది. పిల్ల తెలివికి లోటు లేదనీ, భయం వల్ల మాట కట్టేసుకుందనీ, బడిలో చేర్చుకుని కొన్నాళ్లు ప్రశ్నలు నిదానంగా అడగమనీ. కింద ఇద్దరూ సంతకాలు చేశారు. పిచ్చయ్య దాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుమాస్తా ఏమంటాడో ఆయనకు తెలుసు. అయినా పెట్టుకున్నాడు.

బస్సుకు వేళయింది. వసారా మెట్లు దిగుతూ ఆయన మనవరాలి వైపు వంగి, సంతోషకుమారికి వినబడదనుకుని అడిగాడు. "లోపల మేం లేనప్పుడు ఆ డాక్టరమ్మ నిన్నేమడిగిందే?"

రావమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"చెప్పను" అంది.